రెండు బిందెల నీళ్ళు

హుద్‌హుద్ తుఫాను వెళ్ళిపోయిన మరుసటి సంవత్సరం నేనొక కథ రాసి ఒక మాసపత్రికకు పంపాను. పద్నాలుగు పేజీల కథ. రెండు నెలల తరవాత అది తిరిగి వచ్చింది. చివరి పేజీ అడుగున ఆకుపచ్చ సిరాతో ఒక్క వాక్యం రాసి ఉంది: "తుఫాను ఉంది, మనిషి లేడు." చదవగానే కోపం వచ్చింది. నా కథలో పదకొండుమంది ఉన్నారు. వాళ్ళకు పేర్లున్నాయి, సొంత ఊళ్ళున్నాయి, ఒకాయనకు నశ్యం అలవాటు, ఒకావిడకు మోకాళ్ళ నొప్పులు. ఇంతమందిని పెట్టుకున్నాక మనిషి లేడనడం అన్యాయమనిపించి ఆ కాగితాలను బీరువా అడుగున పడేశాను. ఆ వాక్యం మాత్రం నన్ను వదలలేదు. ఆ తరవాత ఏడేళ్ళలో అదే కథను రెండుసార్లు మొదటినుంచీ తిరగరాశాను. కథకు మూలాంశాలు ఏవి, వాటిలో దేనిమీద మిగిలినవన్నీ నిలబడతాయి అన్న ప్రశ్నకు ఇవాళ నా దగ్గర ఒక జవాబు ఉంది. అది పుస్తకాల్లోంచి వచ్చింది కాదు, ఆ తిరగరాతల్లో తేలింది.

మూలాంశాల పట్టిక అందరికీ తెలిసినదే. వస్తువు, ఇతివృత్తం, పాత్రలు, నేపథ్యం, సంఘర్షణ, దృష్టికోణం, సంభాషణ, శైలి, ముగింపు. పట్టికలో తప్పేమీ లేదు. రాసిన కథను విప్పి చూడదలచుకున్న విమర్శకుడికి అది మంచి పనిముట్టు. అయితే రాయబోయేవాడి చేతికి అదే పట్టికను ఇస్తే, పులిహోరకు సామాన్లు చూసుకున్నట్టు చూసుకుంటాడు: చింతపండు ఉంది, పసుపు ఉంది, పోపుగింజలున్నాయి, ఇంగువ ఉంది, ఇక కలిపేయడమే తరువాయి అనుకుంటాడు. నేను చేసింది అదే. ప్రతి అంశానికీ ఎదురుగా టిక్కు పెట్టుకుంటూ రాశాను. అన్నీ ఉన్నాయి, కథే లేదు.

నేపథ్యానికి నాకు కొదవ లేదు. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ తుఫానుకు ఒమన్ దేశం ఒక పక్షి పేరు పెట్టింది, మన కూకుడుగువ్వ పేరు. గంటకు 180 కిలోమీటర్లకు అటూ ఇటూ వేగంతో అది మధ్యాహ్నంవేళ సరిగ్గా మా ఊరు విశాఖపట్నం దగ్గరే తీరం దాటింది. పొద్దుటినుంచీ ఒక దిక్కు నుంచి కొట్టిన గాలి మధ్యలో కాసేపు ఆగింది. అయిపోయిందనుకుని జనం తలుపులు తీసేలోపల రెండో దిక్కు నుంచి మళ్ళీ మొదలైంది. మర్నాడు చూస్తే కొండల మీద ఆకన్నది లేదు, కైలాసగిరి కాలిపోయినట్టు కనబడింది. విమానాశ్రయం పైకప్పు ఊడిపోయింది. రోడ్లకు అడ్డంగా పడిన చెట్ల మధ్యనుంచి మనుషులు స్కూటర్లు ఎత్తి దాటించుకున్నారు. పాల ప్యాకెట్టుకూ కొవ్వొత్తికీ ఎవరు ఎంత అంటే అంత. ఇవన్నీ నా మొదటి కథలో ఉన్నాయి, శ్రద్ధగానే రాశానని ఇప్పటికీ అనుకుంటున్నాను. అయితే అవి నేను రాయకపోయినా జరిగేవే. గాలికి ఏమీ అక్కర్లేదు, అది దేన్నీ ఎంచుకోదు. ఎంచుకోనిది ఎంత పెద్దదైనా కథలో అది వాతావరణమే అవుతుంది.

సంఘటనల వరసకూ ఇతివృత్తానికీ తేడా చెప్పడానికి ఆంగ్ల నవలాకారుడు ఇ. ఎం. ఫార్‌స్టర్ 1927లో ఇచ్చిన ఉదాహరణ ప్రసిద్ధమైనది. రాజు చనిపోయాడు, తరవాత రాణి చనిపోయింది అంటే అది వట్టి వరస. రాజు చనిపోయాడు, ఆ దిగులుతో రాణి చనిపోయింది అంటే ఇతివృత్తం. అంటే కార్యకారణ సంబంధం ఉండాలి. చాలాకాలం నేను దీన్నే ప్రమాణంగా పట్టుకున్నాను. కానీ నా కథకు దీన్ని అన్వయించి చూస్తే సరిపోలేదు. గాలికి కరెంటు స్తంభాలు పడ్డాయి, అందువల్ల కరెంటు పోయింది, అందువల్ల మోటారు తిరగలేదు, అందువల్ల అపార్ట్‌మెంటు మీది ట్యాంకు ఎండిపోయింది, అందువల్ల మనుషులు నీళ్ళ కోసం ఒకరి తలుపు ఒకరు తట్టారు. ఇంతకంటే పకడ్బందీ కార్యకారణ సంబంధం ఎక్కడ దొరుకుతుంది? అయినా ఇది విద్యుత్ శాఖ నివేదికలో ఇమిడిపోయే సంగతే. ఫార్‌స్టర్ రాణి కూడా దిగులుతో పోయింది గానీ, ఆమె చేసినదంటూ ఏమీ లేదు. కారణం కథకు అవసరమే, కానీ కథ అక్కడ మొదలు కాదు.

నా మొదటి కథలో నేను రాయకుండా దాటేసినది ఒకటుంది. అక్కయ్యపాలెంలో మేముండే మూడంతస్తుల అపార్ట్‌మెంటు, పై అంతస్తు ఇల్లు. తుఫాను వెళ్ళిన మూడో రోజు, మంగళవారం సాయంత్రం. చీకటి పడుతోంది, ఇంట్లో ఒక కొవ్వొత్తి వెలుగుతోంది. మెట్లకింద గదిలో ఉండే వాచ్‌మన్ భార్య మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో నీలంరంగు ప్లాస్టిక్ చెంబు. "అమ్మగారూ, పిల్లకి జొరంగా ఉందమ్మా, ఒక్క చెంబుడు నీళ్ళుంటే ఇప్పించండమ్మా" అంది. మా అమ్మ వంటగది గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. ఆమె వెనక, తలుపు చాటున, రెండు స్టీలు బిందెల నిండా నీళ్ళున్నాయి, వాటి మీద పళ్ళేలు బోర్లించి ఉన్నాయి. నేను ఆ రెండింటికీ ఇవతల కుర్చీలో కూర్చుని ఉన్నాను. అమ్మ, "నేవే తల్లీ, పొద్దున్నే అయిపోయాయి" అంది. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "సరేనమ్మా" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. అప్పటికి నాకు ముప్ఫై రెండేళ్ళు. నేను నోరు విప్పలేదు.

పద్నాలుగు పేజీల్లో నేను కుండపోత వాననూ విరిగిన చెట్లనూ రాసి, ఈ అర నిమిషాన్ని రాయలేదు. రాయాలన్న ఊహ కూడా రాలేదు. వస్తే సిగ్గేసి పక్కకు నెట్టేసి ఉంటాను. ఆకుపచ్చ సిరాతో ఆ వాక్యం రాసినవారికి మా వంటగది సంగతి తెలిసే అవకాశం లేదు. కానీ నేను ఏదో చోట నుంచి చూపు తిప్పుకున్నానని మాత్రం వారికి కాగితం మీదే కనిపించి ఉండాలి.

నేను చెప్పదలచుకున్నది ఇది. ఇలాగా అలాగా రెండు విధాలా చేయగలిగిన మనిషి, రెంటిలో ఒకటి చేసి, ఆ చేసినదాన్ని మోయవలసి వచ్చే చోట కథ పుడుతుంది. సులువుగా చెప్పాలంటే ఎంపిక. ఇతివృత్తం, పాత్ర, స్థలం, కాలం, ఎవరు చెబుతున్నారన్నది, ఏ మాటలతో చెబుతున్నారన్నది, అన్నీ ఆ చోటు చుట్టూ అమరుతాయి. ఆ చోటు దొరకకముందు వాటిలో ఏ ఒక్కదాని గురించీ నిర్ణయం తీసుకోవడానికి రచయిత దగ్గర ఆధారం ఉండదు.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయమని నేననను. అరిస్టాటిల్ ఇతివృత్తాన్ని నాటకానికి ప్రాణమని చెప్పి, పాత్రకు రెండో స్థానం ఇచ్చాడని అందరూ ఉదహరిస్తారు. ఆయనే, శీలమన్నది మనిషి ఎంచుకునేదాంట్లో బయటపడుతుందని కూడా అన్నాడు. ఆ రెండో మాటను పక్కన పెట్టుకుంటే, ఇతివృత్తం ముఖ్యమా పాత్ర ముఖ్యమా అన్న తగువుకు చోటే ఉండదు. మా అమ్మ "నేవే" అన్న మాట ఇతివృత్తంలో ఒక మలుపు, అదే మాట ఆమె పాత్ర కూడా. వాటిని విడదీయడం కుదరదు.

మన సంప్రదాయం ఈ విషయంలో ఇంకా స్పష్టంగా ఉంది. నాట్యశాస్త్రమూ, దాన్ని అనుసరించి పదో శతాబ్దంలో ధనంజయుడు రాసిన దశరూపకమూ నాటకంలో కార్యానికి ఐదు అవస్థలు చెప్పాయి: ఆరంభం, ప్రయత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం. వీటిని పరీక్ష కోసం వల్లించిన రోజుల్లో నాకు ఇవి కథకు వేసిన ఐదు మెట్లలాగే కనిపించాయి. తరవాత నిదానంగా చదివితే తెలిసింది, ఇవన్నీ ఫలం కోరి పని మొదలుపెట్టినవాడి అవస్థలని. ఆరంభమంటే ఏదో సంఘటన జరగడం కాదు, ఫలం మీద కలిగిన ఔత్సుక్యం. ప్రయత్నమంటే అది దక్కనప్పుడు పడే తొందర. ప్రాప్త్యాశ అంటే ఉపాయమూ ఉంది, అపాయమూ ఉంది, దక్కుతుందో దక్కదో తెలియని ఊగిసలాట. అంటే మన లాక్షణికులు కథ ఎంత దూరం వచ్చిందో కొలిచినది బయట జరిగినదాన్ని బట్టి కాదు, కోరుకున్న మనిషి లోపలి స్థితిని బట్టి. 1863లో గుస్తావ్ ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయిత ఐదంకాల నాటకం కోసం గీసిన శిఖరం బొమ్మను మన శిక్షణ తరగతుల్లో చిన్నకథకు కొలతబద్దగా వాడుతున్నారు. అందులో ఎక్కడం, దిగడం కనిపిస్తాయి గానీ ఎక్కేది ఎవరో, ఎందుకో కనబడదు. ఇంట్లో ఉన్న కొలత అంతకంటే మేలైనదని నా నమ్మకం.

ఇక స్థలం సంగతి. నేపథ్యమంటే వెనక వేలాడదీసిన తెర అని మనలో చాలామంది అభిప్రాయం. ఆ మాటలోనే ఆ అర్థం ఉండటం మన దురదృష్టం. కథలో స్థలం చేయవలసిన పని వర్ణనకు అవకాశమివ్వడం కాదు, మనిషి ముందున్న దారులను ఇరుకు చేయడం. కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' కథను తీసుకోండి. దశాబ్దాలపాటు విశాఖలో ఉపాధ్యాయుడిగా పనిచేసి, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించిన మాస్టారి కథ అది. చివర్లో సీతారాముడు, తన బిడ్డ బానిసగా బతకకూడదని ఆ బిడ్డను తానే చంపుకుంటాడు. ఆ ముగింపు మీద ఏళ్ళ తరబడి వాదోపవాదాలు జరిగాయి. ఆ పని న్యాయమా కాదా అన్నది ఎంతైనా వాదించుకోవచ్చు. కానీ అంతకుముందు సుందరపాలెం ఎలా మారిందో, రోడ్డు ఎలా వచ్చిందో, వ్యాపారం ఎలా వచ్చిందో, అప్పు ఎలా పెరిగిందో అన్ని పేజీలపాటు చెప్పకపోతే ఆ చివరి పని ఒక ఉన్మాదిది అయి ఉండేది. ఊరంతా కలిసి ఒక మనిషిని ఒక మూలకు ఎలా నెట్టుకొచ్చిందో చెప్పడానికే ఆ వివరమంతా. ఇది తెలిసిన తరవాత నేను కైలాసగిరిని కథలోంచి తీసేశాను, విమానాశ్రయాన్ని తీసేశాను. నాకు కావలసిన స్థలం మా వంటగది గుమ్మం. దాని వెడల్పు రెండున్నర అడుగులు. ఒక మనిషి అడ్డంగా నిలబడితే వెనక ఏముందో బయటివాళ్ళకు కనబడదు, కుర్చీలో కూర్చున్నవాడికి కనబడుతుంది. ఆ కథకు విశాఖపట్నమంతా ఆ గుమ్మమే. మూడంతస్తుల మెట్లను మాత్రం ఉంచాను, ఎందుకు ఉంచానో కొంచెం ఆగి చెబుతాను.

కాలం గురించి మనవాళ్ళు తక్కువ మాట్లాడతారు, నాకు మాత్రం రాసేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చినది అదే. జరిగిన కాలమూ చెప్పే కాలమూ ఒకటి కావు. తుఫాను పొద్దుటినుంచి రాత్రిదాకా వీచింది. నా మొదటి రాతలో దానికి ఆరు పేజీలు. ఇప్పటి రాతలో రెండు వాక్యాలు. నీళ్ళడిగిన సంఘటనకు జరగడానికి అర నిమిషం పట్టి ఉంటుంది. ఇప్పుడు దానికి రెండున్నర పేజీలు. ఆ అమ్మాయి అడగడానికీ అమ్మ జవాబు చెప్పడానికీ మధ్య జరిగిన ఆలస్యం ఎంతో నేను చెప్పలేను, ఒక శ్వాసకంటే ఎక్కువ కాదు. ఆ శ్వాసలో అమ్మ నా వైపు చూసింది. చూసి మళ్ళీ గుమ్మం వైపు తిరిగింది. రచయిత తన కథలో ఏది ముఖ్యమనుకుంటున్నాడో అతను రాసిన మాటల బరువు చెప్పదు, అతను ఎక్కడ నిదానించాడు, ఎక్కడ పరుగెత్తాడు అన్నది చెబుతుంది. కాగితాల కట్ట తెచ్చి అభిప్రాయం అడిగే కుర్రవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే: ప్రతి పేజీ పక్కనా అందులో జరిగిన కాలం గంటల్లోనో నిమిషాల్లోనో రాసి చూసుకోండి. అన్ని పేజీల్లోనూ ఇంచుమించు ఒకే అంకె వస్తే, ఎక్కడ ఆగాలో మీకింకా తెలియలేదన్నమాట.

ఏది ఎప్పుడు చెప్పాలన్నది కూడా కాలానికి సంబంధించినదే. ఈ వ్యాసంలో ఇంతదాకా నేను చెప్పకుండా ఉంచిన విషయం ఒకటుంది. ఆ రెండు బిందెల నీళ్ళూ మాకు మోసుకొచ్చి ఇచ్చింది ఆ అమ్మాయే. పక్కవీధిలో ఒక చేతిబోరు పనిచేస్తోంది. ఆ మంగళవారం ఉదయం ఆమె అక్కడ వరసలో నిలబడి, కొట్టి, నింపి, ఒక్కో బిందె చంకనెత్తుకుని మూడంతస్తులూ ఎక్కి మా ఇంట్లో దించింది. అమ్మ డబ్బులిచ్చింది, ఆమె తీసుకుంది. కాబట్టి సాయంత్రం చెంబు పట్టుకుని వచ్చినప్పుడు మా ఇంట్లో నీళ్ళున్నాయని ఆమెకు తెలుసు. "పొద్దున్నే అయిపోయాయి" అన్న మాట అబద్ధమని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసునని మా అమ్మకూ తెలుసు. రెండో రాతలో ఈ సంగతి మొదటి పేరాలోనే చెప్పేశాను. చెప్పేయడంతో పాఠకుడు తీర్పు ముందే రాసి పెట్టుకున్నాడు, ఆ తరవాత ఆమె మెట్లెక్కి వస్తుంటే మా అమ్మను ముద్దాయిగా చూశాడు. మూడో రాతలో దాన్ని "సరేనమ్మా" తరవాతికి జరిపాను. ఇప్పుడు పాఠకుడు మొదట మా అమ్మ భయాన్ని పంచుకుంటాడు, రేపు కూడా నీళ్ళు రాకపోతే అని తనూ ఆ బిందెల వైపు చూసుకుంటాడు, ఆ తరవాతే ఆ నీళ్ళు ఎవరు మోశారో తెలుసుకుంటాడు. జరిగినది మారలేదు, వరస మాత్రం మారింది. ఇతివృత్తమన్న మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే. మెట్లను ఎందుకు ఉంచానో కూడా ఇప్పుడు తెలిసి ఉంటుంది.

ఎవరు చెప్పాలన్న ప్రశ్న దగ్గర నేను అన్నిటికంటే ఎక్కువ కాలం తిరిగాను. మొదటి రాతలో నేను ఊరి మీద ఎగిరే పక్షిలా అందరినీ పైనుంచి చూశాను. పైనుంచి చూస్తే ఇళ్ళ కప్పులే కనబడతాయి, గుమ్మాలు కనబడవు. రెండో రాతలో అమ్మ మనసులో కూర్చుని రాశాను. అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. ఆమె మనసులో ఉన్న కారణాలన్నీ రాస్తూ పోయేసరికి అది ఆమె తరఫు వకాల్తా అయింది. పోనీ ఆ అమ్మాయి వైపు నుంచి రాద్దామని కొన్ని పేజీలు ప్రయత్నించాను. ఆమె ఆ మెట్లు దిగుతూ ఏమనుకుందో నాకు తెలియదు. తెలిసినట్టు రాయడం మొదలుపెట్టగానే ఆమె నా అపరాధాన్ని తన నోటితో పలకడం మొదలుపెట్టింది, నన్ను తిట్టింది కూడా. ఆ తిట్లు నాకు సుఖంగా ఉన్నాయి. అందువల్లనే ఆ పేజీలను చింపేశాను. చివరికి మిగిలినది కుర్చీలో కూర్చున్నవాడు. అతను బిందెలను చూడగలడు, గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి ముఖం చూడగలడు, అమ్మ తన వైపు చూసిన చూపు అతనొక్కడికే తెలుసు. వీటన్నిటికీ మించి, అతను కూడా ఒకటి ఎంచుకున్నాడు. మాట్లాడకుండా ఉండటం. కథ చెప్పే హక్కు ఎక్కువ తెలిసినవాడిది కాదు, తాను చెప్పేదాని వల్ల పోగొట్టుకునేది ఏదో ఉన్నవాడిది.

సంభాషణ గురించి ఒక్క ముక్క. మొదట ఆ జవాబును "లేవమ్మా, మా దగ్గర కూడా నీళ్ళు లేవు" అని రాశాను. అమ్మది బొబ్బిలి వైపు. లేదు అనడానికి ఆమె నోట "నేదు" వస్తుంది, లేవు అనడానికి "నేవు". విశాఖలో న్యాయవాదిగా ఉంటూ ఈ ప్రాంతం మాటను కథల్లోకి తెచ్చిన రావిశాస్త్రి గారి తరవాత కూడా, మా అమ్మ మాటను అచ్చు తెలుగులోకి సవరించి రాయడానికి నా చెయ్యి ఎందుకు వెళ్ళిందో తలుచుకుంటే బాధగా ఉంటుంది. అయితే యాస ఒక్కటే కాదు సంభాషణ. ఆమె "నేవే తల్లీ" దగ్గర ఆగలేదు, "పొద్దున్నే అయిపోయాయి" అని చేర్చింది. నిజం చెప్పేవాళ్ళకు ఒక్క మాట చాలు. అబద్ధానికి ఆసరాగా ఇంకో వాక్యం కావలసి వస్తుంది. "తల్లీ" అన్న పిలుపు కూడా అంతే. మామూలు రోజుల్లో అమ్మ ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలుస్తుంది. ఆ సాయంత్రం పేరు పలకలేకపోయింది. ఈ రెండూ నేను కల్పించినవి కావు, కానీ వాటి అర్థం రాసేటప్పుడు గానీ నాకు తెలియలేదు.

ఇంతకీ ఈ కథ ఏం చెబుతోంది? నెలకొక ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డులో కలుసుకుని కథలు చదువుకునే ఐదారుగురం ఉన్నాం. ఈ ప్రశ్న మా మధ్య ఎన్నోసార్లు వచ్చింది. ఒక పెద్దాయన, ఆయనంటే నాకు గౌరవం, రెండో రాత విన్న తరవాత చాలా మెచ్చుకున్నారు. ఆ రాతలో నేను మా అమ్మ చేత నీళ్ళు ఇప్పించాను. ఆమె మొదట లేవంటుంది, తరవాత మనసు కరిగి మెట్లు దిగి వెళ్ళి ఒక బిందె ఇచ్చేస్తుంది. మానవత్వం ఇంకా బతికే ఉందని సందేశం ఉందన్నారు ఆయన. కథ కల్పన కనక జరిగినదాన్ని మార్చే హక్కు నాకుంది, ఆ విషయంలో నాకు సంకోచం లేదు. మార్చడం తప్పు కాదు, మార్చిన తరవాత ఆ ఇవ్వడానికి ఆమె ఏ మూల్యమూ చెల్లించకపోవడం తప్పు. నా రెండో రాతలో ఆమె బిందె ఇచ్చేసిన మరుక్షణమే వీధిలోకి నీళ్ళ ట్యాంకరు వచ్చేసింది. అంటే ఆమె ఏమీ పోగొట్టుకోలేదు, కనక ఏమీ ఎంచుకోలేదు. బిందె ఇచ్చేసి ఆ రాత్రంతా ఎండిన గొంతుతో గడిపిన మనిషి కథ రాయగలిగి ఉంటే అది కూడా నిలబడేది. సందేశం ముందు పెట్టుకుని రాసేవాళ్ళు ఆ ట్యాంకరును తప్పకుండా పిలుస్తారు. వస్తువు, సందేశం ఒకటి కావు. వస్తువు రచయితను వేధిస్తున్న ప్రశ్న, సందేశం ఆ ప్రశ్నను తొందరగా వదిలించుకోవడానికి వెతుక్కున్న జవాబు.

నా వాదానికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది, దాన్ని దాటవేయను. ఎంచుకునే అవకాశం ఉన్నవాళ్ళకేనా కథలు? లేనివాళ్ళ సంగతేమిటి? ఉత్తరాంధ్ర కథ పేదల కథ, నిస్సహాయుల కథ. దారులన్నీ మూసుకుపోయినవాళ్ళను తీసుకొచ్చి, మీరు ఏది ఎంచుకున్నారని అడగడం క్రూరం కాదా? మా బృందంలో ఒకమ్మాయి ఈ మాట అడిగినప్పుడు నేను ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి మూడో రాతను మళ్ళీ చదివాను. అప్పుడు కనిపించింది. ఆ కథలో అందరికంటే తక్కువ అవకాశాలున్నది వాచ్‌మన్ భార్యకే. ఆమె గది మాదే, పని మాదే, జీతం మా అపార్ట్‌మెంటువాళ్ళే ఇవ్వాలి. అయినా ఆమె "పొద్దున నేనే కదమ్మా తెచ్చి పోశాను" అని ఉండవచ్చు. ఆ మాట ఆమె నోటిదాకా వచ్చి ఉండాలి. ఆ ఒక్క క్షణం ఆగడంలో ఉన్నది అదే. అనకుండా "సరేనమ్మా" అంది. మా అమ్మ పరువు కాపాడింది, ఎవరూ అడగకుండానే. ఉద్యోగం పోతుందన్న భయం వల్లనా, పెద్దావిడన్న గౌరవం వల్లనా, అసహ్యం వల్లనా, నాకు తెలియదు, కథలో కుర్చీలో కూర్చున్నవాడికీ తెలియదు. కానీ ఆమె ఎంచుకుంది. నిస్సహాయులను కథలో ఏడిపించి వదిలేసేవాళ్ళు ఈ భాగాన్ని చూడరు. దారులు మూసుకుపోయిన మనిషి ఆ మిగిలిన సందులో ఏం చేశాడో చూడకపోవడమే నాకు క్రూరమనిపిస్తుంది. దీనికి లొంగని కథలు లేవని నేననను. ఏమీ జరగకుండా ఒక మధ్యాహ్నపు ఎండను మాత్రమే మిగిల్చి వెళ్ళిపోయే కథలు నేనూ చదివాను, ఇష్టపడ్డాను. అవి కవిత్వానికి దగ్గరివి, వాటి లెక్క వేరు.

ఎత్తుగడ, ముగింపు గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. ఆ చోటు దొరికితే అవి వాటంతటవే దొరుకుతాయి. 1910లో గురజాడ వారి 'దిద్దుబాటు' అర్ధరాత్రి దాటాక భర్త ఇంటి తలుపు తట్టడంతో మొదలవుతుంది. ఎవరు, ఏమిటి, ఎక్కడ అన్న పరిచయాలేవీ లేవు, ఆ వేళ తట్టవలసి రావడంలోనే అతను చేసినదంతా ఉంది. నా కథ కూడా ఇప్పుడు చెంబు పట్టుకున్న చెయ్యి గుమ్మంలో కనబడటంతో మొదలవుతుంది. గాలి లేదు, వాన లేదు.

మూడో రాత రెండేళ్ళ కిందట అచ్చయింది. అమ్మకు చూపు తగ్గింది, చదివి వినిపించమంది. వినిపించడానికి నాకు వారం పట్టింది. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె మంచం పక్కన కూర్చుని, ఎక్కడా ఆపకుండా, గొంతు మార్చకుండా చదివాను. ఆమె పైకప్పు వైపు చూస్తూ విన్నది. అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "రెండు కాదురా, మూడు. మూడు బిందెలు మోసింది ఆ పిల్ల. మూడోది తెచ్చేసరికి నువ్వు పడుకున్నావు. అది దేవుడి గదిలో పెట్టించాను" అంది.

కథల సంపుటి కోసం ప్రూఫులు దిద్దుతున్నప్పుడు ఆ చోట కలం ఆపి చాలాసేపు ఆలోచించాను. రెండు అన్న మాటను మార్చలేదు. కుర్చీలో కూర్చున్నవాడికి తెలిసినవి రెండే.